మూడో అంతస్తు దాకా

"గంట పట్టొచ్చమ్మా, అంతకన్నా ముందు రాలేరు. తలుపులు కోసే సామాను ఉన్న బండి ఒక్కటే, అది ఊరి అవతలికి వెళ్ళింది," అంది నర్సు ఫోన్లో. "మీరు మాత్రం అక్కడే ఉండండి. పిలుస్తూ ఉండండి. అన్నట్టు, నిన్న ఆయన్ని చూశారు కదా?" "పలికాడు," అంది కండక్టరమ్మ. అంది గానీ ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక చెవులకి అదోలా వినిపించింది, చూశారా అని అడిగితే పలికాడు అని చెప్పడం. నర్సు పట్టించుకోలేదు, అవతల ఇంకో ఫోను మోగుతోంది పాపం, సరేనమ్మా అని పెట్టేసింది. కండక్టరమ్మ ఫోను సంచిలో వేసుకుని, నాలుగో అంతస్తు చివరి మెట్టు మీద కూలబడింది. కూర్చున్న మెట్టు సెగలు కక్కుతోంది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఈ మేడకి ఇంక పైన ఏమీ లేదు, పల్చటి డాబా, దాని మీద ఎండ. పిట్టగోడ పక్కనున్న చిన్న కిటికీ లోంచి పడ్డ వెలుగు చెక్క తలుపు ముందున్న ఇనుప జాలీని రెండు ముక్కలుగా కోసినట్టుంది. జాలీకి లోపలి నుంచి తాళం. దాని వెనక తలుపుకి లోపలి నుంచి గడియ. ఇంత భద్రంగా బిగించుకుని ఎవరి నుంచి దాక్కున్నాడీ మనిషి అనుకుంది, మళ్ళీ వెంటనే నాలుక కరుచుకుంది. లేచి జాలీని గట్టిగా తట్టింది. "సార్, నేను. కండక్టర్ని. ఉన్నారా?" ఇనుము చేతికి చురుక్కుమంది. లోపల చడీచప్పుడు లేదు.

కండక్టరమ్మ అనే పేరు రిటైరై రెండేళ్ళయినా వదల్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నాలుగో నంబరు బస్సులో నిలబడింది, ఆ నిలబడడంలోనే ఎడమ మోకాలు అరిగిపోయింది, గొంతు మాత్రం అరగలేదు. ఇప్పటికీ వీధిలో ఎవరినైనా పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఎండలు ముదిరాక వార్డు ఆసుపత్రి వాళ్ళు ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ జాబితా రాసి, రోజుకొక్కసారి వెళ్ళి తలుపు తట్టడానికి మనుషులు కావాలని అడిగినప్పుడు, వరసలో మొదట నిలబడింది ఆవిడే. పదకొండు తలుపులు వచ్చాయి. పెద్ద పనేం కాదు. తట్టాలి, మనిషిని కళ్ళతో చూడాలి, నీళ్ళు తాగుతున్నారా అని అడగాలి, తల తిరుగుతోందా, ఒంటికి సరిగా వెళ్తున్నారా అని అడగాలి, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం ఒకటి చేతిలో పెట్టాలి, కాగితం మీద ఆ రోజు గడిలో టిక్కు పెట్టాలి. కళ్ళతో చూడాలి అని ఆ మొదటి రోజే నర్సు రెండుసార్లు చెప్పింది. ఫోన్లో కాదు, కిటికీ లోంచి కాదు, ఎదురుగా. పదకొండు మందీ పదకొండు రకాలు. ఒకావిడ కూర్చోబెట్టి తన కాళ్ళనొప్పుల చరిత్ర మొదటి నుంచీ చెప్తుంది, ఒకాయన తలుపు తీసి, నేను అవతలింటి వాడిని, ఆయన బయటికెళ్ళాడు అని తన గురించే అబద్ధం చెప్తాడు. ఈ నాలుగో అంతస్తు సారు ఐదో తలుపు. ఆయన ఒక ముక్కతో తేల్చేస్తాడు. ఉన్నాను.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసేవాడట పూర్వం. లోకంలో అందరి ఎముకలూ చూసేశాక ఇంక మొహాలు చూడ్డం ఎందుకనుకున్నాడో ఏమో, ఎవరితోనూ కలవడు. మొదటి వారం తలుపు తెరిచి జాలీ వెనక నిలబడేవాడు, తెల్ల బనీను, గీతల లుంగీ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి. "ఉన్నాను" అనేవాడు. పొట్లం తీసుకునేవాడు. అంతే. రెండో వారం నుంచి తలుపు తీయడం కూడా దండగనుకున్నాడు, లోపలి నుంచే ఉన్నాను. ఆవిడ ఊరుకోకుండా "మనిషిని చూడాలి సార్, రూలు" అనేది. అప్పుడు విసురుగా తీసి, చూశావా, అని వేసేసేవాడు. ఆవిడకి నవ్వొచ్చేది, బస్సులో ఇలాంటి వాళ్ళని ఎంతమందిని చూసింది, పాసు చూపించమంటే ఒంటికాలి మీద లేచేవాళ్ళని. కానీ మొన్న మాట తూలాడు. "రోజూ వచ్చి చచ్చానా లేదా అని చూసిపోతున్నావు, నీకేం వస్తుంది? నేను పోతే మీ కాగితం మీద ఒక గడి ఖాళీ అవుతుంది, అదేగా నీ బాధ?" అన్నాడు. అవతల మెట్ల మీద ఎవరో పిల్లల్ని తీసుకుని దిగుతున్నారు, వాళ్ళ ముందు. కండక్టరమ్మకి మొహం మాడిపోయింది. ఏమీ అనకుండా దిగొచ్చింది, కానీ దిగుతున్న ఒక్కో మెట్టుకీ ఒక్కో జవాబు తట్టింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక కూడా తడుతూనే ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు జనంతో వేగిన మనిషికి ఆ ఒక్క మాట ఎందుకంత గుచ్చుకుందో ఆవిడకే తెలియదు. బహుశా అందులో కాస్త నిజముందేమో. గడి ఖాళీగా ఉంటే ఆవిడకి నిద్ర పట్టదు, అది నిజం.

మెట్ల మీద అడుగుల చప్పుడైతే బండి వచ్చేసిందని లేవబోయింది. కాదు. మూడో అంతస్తులో ఉండే అమ్మాయి, చంకలో పాప, చేతిలో నీళ్ళ సీసా, భుజం మీద తడిగుడ్డ. "ఇది మెడ మీద వేసుకోండి పిన్నిగారూ, ఇక్కడ కూర్చుంటే మీకూ వడదెబ్బ తగులుతుంది," అని తనే వేసింది. చల్లదనం వెన్నులోకి జారి కండక్టరమ్మకి ఒక్క క్షణం కళ్ళు మూతలు పడ్డాయి. ఆ అమ్మాయి జాలీ వంక చూస్తూ నిలబడింది, పాప జుట్టు వేళ్ళతో సర్దుతూ. "నిన్న చీకటి పడ్డాక పైన ఏదో చప్పుడు వినిపించిందండీ. ఏదో ఈడ్చినట్టు. మా ఆయన ఎలుకలన్నాడు. ఈయన ఒక్కోసారి సామాను అటూ ఇటూ జరుపుతుంటాడు కదా, అదనుకున్నాను నేను. వెళ్ళి చూద్దామా అంటే, వెళ్తే తిడతాడు, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు మా ఆయన." పాపని రెండో చంకకి మార్చుకుంది. "మేం వెళ్ళాల్సిందేమో కదండీ." కండక్టరమ్మకి ఆ పిల్లని ఏదో ఒకటి అనాలనిపించింది, ఓదార్పుగానో కోపంగానో. రెండూ అనే అర్హత తనకి లేదు. "నిన్న మధ్యాహ్నం కూడా పలికాడు కదమ్మా," అంది. మళ్ళీ అదే మాట, పలికాడు. పాప ఏడుపు అందుకుంది, ఆ అమ్మాయి వాకిట్లో నీడగా ఉందని కిందికి తీసుకెళ్ళింది. సీసా మాత్రం మెట్టు మీద వదిలి వెళ్ళింది.

డ్రైవరన్న ఉంటే ఈపాటికి జాలీ ఊడబీకేసేవాడు. ఆయనతో పదకొండేళ్ళు ఒకే బస్సు. మనిషి పొట్టి, చేతులు మాత్రం స్టీరింగు తిప్పీ తిప్పీ రోకళ్ళలా ఉండేవి. వానాకాలంలో ఆసుపత్రి మలుపు దగ్గర రోడ్డంతా నీళ్ళు నిలిచేవి, కాలవ మూతి దగ్గర కవర్లూ ఆకులూ అడ్డం పడి. నిండు బస్సు ఆపేసి, చెప్పులు విడిచి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి దిగేవాడు. చేతులతో ఆ చెత్తంతా ఎత్తి గట్టు మీద వేసేవాడు. నీళ్ళు గుడగుడమంటూ దిగిపోతుంటే పసిపిల్లాడిలా చూస్తూ నిలబడేవాడు. బస్సులో జనం అరిచేవాళ్ళు, ఆఫీసుకి టైమవుతోందని. తనే అడిగింది ఒకసారి, "అది మన పనా అన్నా? దానికి వేరే మనుషులు లేరా?" అని. ఆయన తడికాళ్ళతోనే సీటెక్కి, "ఉన్నారమ్మా. కానీ ఆ నీళ్ళకి వాళ్ళ డ్యూటీ టైము తెలియదు కదా," అన్నాడు. జనంతో పాటు తనూ నవ్వింది. నవ్వడం తేలిక. రిటైరయ్యాక ఆయన రెండు వీధుల అవతల ఒక గదిలో ఉండేవాడు, భార్య పోయి చాలా ఏళ్ళయింది. నిరుడు ఎండల్లో ఆ గది తలుపు మూడు రోజులు తెరుచుకోలేదు. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. రెండు వీధులే. వెళ్ళి చూడాలి, వెళ్ళి చూడాలి అని తను అనుకుంటూనే ఉంది, ఎండ తగ్గాక వెళ్దాంలే అనుకుంది. ఎండ తగ్గలేదు. తర్వాత వెళ్ళినప్పుడు గది కడిగేసి ఉంది. కిటికీ మీద ఆయన కళ్ళజోడు ఒకటి మిగిలింది, దాన్ని ఎవరికివ్వాలో ఎవరికీ తెలియలేదు. అందుకే జాబితా దగ్గర మొదట నిలబడింది తను. నర్సు మెచ్చుకుంటే తల వంచుకుంది. సేవ అంటారు ఇలాంటివాటిని. సేవ కాదు, ఇంకేదో.

లేచి మళ్ళీ తట్టింది. "సార్." ఈసారి గొంతు తగ్గించి, లోపల నిద్రపోతున్న వాళ్ళని లేపినట్టు. ఏమీ లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. రోడ్డు తెల్లగా మండుతోంది. ఇది నాలుగో నంబరు దారే, ఈ మేడ ముందు నుంచే రోజుకి పన్నెండుసార్లు తిరిగింది, కానీ అప్పుడు బస్సులోంచి ఈ మేడ కనిపించేది కాదు, చెట్లు అడ్డం. రెండు వైపులా పెద్ద పెద్ద కొమ్మలు కలుసుకుని గుహలా ఉండేది దారి, మండువేసవిలో కూడా ఇక్కడికొచ్చేసరికి కిటికీ పక్క కూర్చున్న వాళ్ళు మొహాలు బయటికి పెట్టేవాళ్ళు. కొమ్మలు బస్సు పైకప్పు మీద గీసుకునేవి, బర్రుమని, ఆ చప్పుడుకి కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. రోడ్డు వెడల్పు చేయాలని కాగితం ఒకటి డిపోకి వచ్చింది ఆరేడేళ్ళ కిందట. ట్రాఫిక్‌లో ఇరుక్కుని టైముకి ట్రిప్పు ముగియక, తిట్లు తిని తిని ఉన్నారేమో, అందరూ ఎగబడి సంతకాలు పెట్టారు. తనూ పెట్టింది. ఎవరి పెన్నో అడిగి తీసుకుని మరీ పెట్టింది. డ్రైవరన్న పెట్టలేదు, మూత్రానికెళ్ళొస్తా అని మొహం చాటేశాడు. నాలుగు రోజుల్లో చెట్లన్నీ కొట్టేశారు. ట్రిప్పుకి ఎనిమిది నిమిషాలు కలిసొచ్చింది. ఆ ఎనిమిది నిమిషాలూ డిపోలో బెంచీ మీద కూర్చుని టీ తాగేది. తప్పు చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు తప్పేనా అంటే ఒక్క తనదేనా అని వాదించొచ్చు, సంతకాలు రెండొందలు. కానీ ఇప్పుడు ఎండ ఏ అడ్డూ లేకుండా వచ్చి ఈ నాలుగో అంతస్తు గోడకి కొడుతోంది. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. పెనంలా ఉంది. రెండొందల మందిలో ఈ గోడ మీద చెయ్యి పెట్టి చూసింది మాత్రం తనొక్కతే అయి ఉంటుంది.

సంచిలో ఫోను మోగింది. కూతురు. "ఎక్కడున్నావే అమ్మా? ఇంకా తిరుగుతున్నావా ఈ ఎండలో?" కరెంటు సబ్‌స్టేషన్లో పనిచేస్తుంది కూతురు, పగటి డ్యూటీ, వెనకాల ఎప్పుడూ ఝుమ్మని ఒకటే మోత. ఈ వేసవంతా వాళ్ళకీ ఊపిరి ఆడటం లేదు. లోడు పెరిగిపోయి, వంతుల వారీగా వీధుల్ని చీకట్లో పెట్టాలి, లేకపోతే మొత్తం ఊరే పోతుంది. పైనుంచి లిస్టు వస్తుంది, ఏ లైను ఎప్పుడు అని. స్విచ్చి తిప్పేది కూతురు. అది చాలు తల్లీకూతుళ్ళు దెబ్బలాడుకోవడానికి. "ఊరందరి పనీ నెత్తిన వేసుకుంటావేం? దానికి ఆఫీసులున్నాయి, జీతం తీసుకునే వాళ్ళున్నారు," అంటుంది కూతురు. "ఉన్నారు, నీ ఆఫీసులాంటివేగా," అంటుంది తను. "నేను తీయకపోతే ఆసుపత్రికి కూడా కరెంటుండదు, తెలుసా నీకు?" తెలుసు. అదీ నిజమే. ఆ పిల్ల మూడు నెలల్లో సగమైపోయింది, ఇంటికొచ్చి ఫ్యాను కూడా వేసుకోకుండా గోడకి ఆనుకుని కూర్చుంటుంది, వేసుకోబుద్ధి కాదట. ఇవాళ దెబ్బలాడే ఓపిక తనకి లేదు. "ఒక సారు తలుపు తీయడం లేదు. బండి కోసం చూస్తున్నాను," అంది. మోత మధ్యలోంచి కూతురు అడిగింది, "ఏ వీధి?" తను చెప్పింది. మళ్ళీ మోత. "తర్వాత చెయ్యి. ఏమైందో చెప్పు," అని పెట్టేసింది. ఏ వీధి అని అడిగినప్పుడు దాని గొంతులో ఏదో సన్నగా తెగినట్టయింది. నిన్న ఈ వీధి వంతు పన్నెండు నుంచి నాలుగు.

నిన్న. ఎంతసేపని ఆ గుమ్మంలో అడుగు పెట్టకుండా చుట్టూ తిరగడం. నిన్న తను వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మెట్ల మీద లైటు లేదు. నాలుగు తలుపులు అయ్యాయి, నాలుగిళ్ళకీ మెట్లే. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు, మూడో అంతస్తుకి వచ్చేసరికి మోకాలు పట్టేసింది, కాలు మడత పడనంది. మెట్ల పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. ఇంకో పద్దెనిమిది మెట్లు. వాటి చివర తలుపు, ఆ తలుపు వెనక మొన్నటి మాట. అక్కడి నుంచే పిలిచింది, తన గొంతు మీద తనకి నమ్మకం కదా. "సార్, ఉన్నారా?" పైనుంచి జవాబొచ్చింది. వచ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ అది ఉన్నాను కాదు. పొడుగ్గా, బొంగురుగా, మాటకి ముందుండే చప్పుడు లాంటిది. మళ్ళీ ఒకటి. తిడుతున్నాడు అనుకుంది. తిట్టే ఓపికుందంటే నిక్షేపంగా ఉన్నాడు అనుకుంది. అలా అనుకున్నప్పుడు మనసులో ఒక మూల ఎవరో చెయ్యెత్తారు, బస్సు కదిలాక వెనకనుంచి పరిగెత్తుకొచ్చే మనిషి చెయ్యెత్తినట్టు. తను చూసింది. చూసి తల తిప్పుకుంది. కాగితం పిట్టగోడ మీద పెట్టి టిక్కు పెట్టింది. దిగేటప్పుడు కాలు అంత నొప్పెట్టలేదు కూడా. మిగతా ఆరు తలుపులూ తిరిగి ఇంటికెళ్ళి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని, పదకొండూ అయ్యాయన్న తృప్తితో కళ్ళు మూసుకుంది. డ్రైవరన్న దగ్గరికి వెళ్ళనందుకు మొదలుపెట్టిన పనిలో డ్రైవరన్నకి చేసిందే మళ్ళీ చేసింది. ఇక్కడైతే రెండు వీధులు కూడా కాదు, పద్దెనిమిది మెట్లు.

తడిగుడ్డ ఆరిపోయింది. కండక్టరమ్మ జాలీ సందుల్లోంచి చెయ్యి దూర్చి, వేళ్ళ చివర్లతో చెక్క తలుపుని తాకింది, తట్టడానికి అందలేదు. చెవి ఇనుముకి ఆనించింది. కాలింది, తీయలేదు. తన గుండె చప్పుడు, కింద ఎక్కడో స్కూటరు, ఆ రెండూ పక్కకి జరిగాక చాలా లోపలి నుంచి ఒక చప్పుడు. టప్. ఆగింది. టప్. నీళ్ళ చుక్క. కుళాయి కారుతోంది ఎక్కడో. మనిషి చప్పుడు కాదు అది, దాన్ని పట్టుకుని ఆశ పడటానికి లేదు, అయినా ఆ చుక్కల్ని లెక్కపెడుతూ అలాగే ఉండిపోయింది, ముప్పై, నలభై, ఆ లెక్క ఆపితే లోపల ఇంకేదో కూడా ఆగిపోతుందేమో అని భయం. "సార్, నేను ఇక్కడే ఉన్నాను," అంది. ఇన్నాళ్ళూ ఆయన అన్న మాట తను అంటోందని ఆవిడకి తోచలేదు. బూట్ల చప్పుడు మెట్లన్నీ నింపేస్తూ వచ్చేదాకా అంటూనే ఉంది.

ముగ్గురొచ్చారు, వాళ్ళ వెనక ఆయాసపడుతూ నర్సు. జాలీ తాళం కోయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. తలుపు భుజాలతో తోస్తే గడియ మేకులతో సహా ఊడొచ్చింది. లోపలి వేడి ఒక మనిషిలా బయటికొచ్చి వాళ్ళని తోసింది. ముందు గదిలో మంచం, దుప్పటి నలగలేదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు ఎండ రాకుండా అంటించుకున్నాడు కిటికీ అద్దాలకి, వాటిలో ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో చెయ్యి. "ఇక్కడ," అని అరిచాడు ముందున్నవాడు. స్నానాలగది. కిటికీ లేని గది. గచ్చు మీద పక్కకి తిరిగి పడున్నాడు సారు, ఒక కాలు చూడకూడని విధంగా తిరిగిపోయి, చెయ్యి చాచి కుళాయి కింద. అరచేతిలో చుక్క పడుతోంది. టప్. నర్సు మోకాళ్ళ మీద కూర్చుని మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. ఆ ఒక్క క్షణం కండక్టరమ్మ జీవితంలో ఎక్కిన మెట్లన్నిటికన్నా పొడుగ్గా ఉంది. "ఉన్నారు," అంది నర్సు.

ఆయన కళ్ళు తెరిచింది స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు, నొప్పికి. నర్సు ఏదో సూది వేసింది, పెదాలు తడిపింది, ఎప్పుడు పడ్డారు సార్ అని అడిగింది. "కరెంటు పోయింది," అన్నాడు, ఒక్కో మాటా గచ్చు మీద ఈడ్చినట్టు. "చీకట్లో." నిన్న పన్నెండు. కండక్టరమ్మ ఆయన తల దగ్గర నడిచింది, కొత్తగా తడిపిన గుడ్డ నుదుటి మీద పట్టుకుని. మలుపు ఇరుకు, మూడో అంతస్తులో స్ట్రెచరు తిరగలేదు. దించి చేతులు మార్చుకోవడానికి ఆగారు. సరిగ్గా ఆ పిట్టగోడ పక్కనే. సారు కళ్ళు ఆవిడ మొహం మీద నిలిచాయి, కళ్ళజోడు లేక కాస్త చికిలించి.

"నిన్న వచ్చావా?"

రాలేదు అనొచ్చు. వచ్చాను, వినిపించలేదు అనొచ్చు. జ్వరంలో పేలుతున్నారని నర్సు ఎలాగూ సర్దుకుంటుంది. "వచ్చాను సార్," అంది. "మూడో అంతస్తు దాకా."

"పిలిచాను."

"విన్నాను. తిడుతున్నారనుకున్నాను. అలా అనుకుంటే ఇంక ఎక్కక్కర్లేదు కదా, అందుకని అనుకున్నాను. కాలు నొప్పి కూడా ఉంది, కానీ ఎక్కగలిగేదాన్నే." స్ట్రెచరు పట్టుకున్నవాళ్ళు ఎటో చూస్తున్నారు. నర్సు కూడా సూది పెట్టె మూత పెట్టే పని ఎంతకీ ముగించలేదు. సారు చాలాసేపు ఆవిడని అలాగే చూశాడు. క్షమించినట్టు లేదు, తిట్టబోతున్నట్టూ లేదు. చూపు మొహం మీంచి దిగి కిందికి వెళ్ళింది.

"ఏ కాలు?"

"ఎడమది. మోకాలు."

"ఫిల్ము తీయించావా?"

"లేదు సార్."

"తీయించుకో," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "నిలబెట్టి తీయమను. పడుకోబెట్టి తీస్తే తెలియదు." వాళ్ళు ఎత్తారు.

బండి తలుపులు వేసే ముందు నర్సు కాగితం అడిగింది, టైము రాసుకోవాలి కదా. కండక్టరమ్మ ఇచ్చే ముందు నిన్నటి గడిలో టిక్కు మీద పెన్నుతో అడ్డంగా గీత గీసింది, పక్కన చూడలేదు అని రాసింది. నర్సు ఆ గీత చూసి గొంతు తగ్గించింది. "ఇది ఇలా పైకి పంపిస్తే మిమ్మల్ని జాబితాలోంచి తీసేస్తారమ్మా. వదిలేద్దాం. మనిషి దక్కాడు కదా." "దక్కింది కుళాయి కారబట్టి," అంది కండక్టరమ్మ. "పంపించండి. తీసేస్తే తీసేయనివ్వండి. వాళ్ళు తీసేసేదాకా రేపూ ఎల్లుండీ నేనే వస్తాను. ఇవాళ్టికైతే ఇంకా ఆరు తలుపులున్నాయి." నర్సు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కొత్తది ఒకటి ఇచ్చింది. ఆవిడకీ ఈ పూట ఎన్ని తలుపులున్నాయో, మొహమంతా ఉప్పు చారలు.

కూతురికి రోడ్డు మీద నడుస్తూనే చేసింది. "ఉన్నాడు. తుంటి విరిగింది. బతుకుతాడంది నర్సు." అవతల ఊపిరి వదిలిన చప్పుడు. "ఎప్పుడు పడ్డాడట?" అడుగుతుందని తెలుసు. ఈ ఒక్కటి దాచినా ఎవరికీ నష్టం లేదు, పిల్ల ఇప్పటికే సగమైంది. కానీ ఇవాళ దాచడం అనే పని ఎలా చేస్తారో ఆవిడ మర్చిపోయినట్టయింది. "నిన్న పన్నెండుకి. స్నానాలగదిలో చీకటైపోతే జారాడు. ఒంటిగంటకి నేను వెళ్ళాను, పిలిస్తే విన్నాను, విని దిగొచ్చేశాను. నువ్వు తీసినందుకు కాదే, నేను ఎక్కనందుకు ఒక రాత్రి పడున్నాడు." మోత, మోత. "అమ్మా," అంది చివరికి, "మర్నాటి లిస్టు మాకు సాయంత్రం ఆరుకల్లా వస్తుంది. బయటికి చెప్పకూడదు. నీకు పంపిస్తాను. ఏ ఇంటికి ఏ టైములో పోతుందో ముందే చెప్పు వాళ్ళకి. ఆ టైములో లేచి తిరగొద్దని చెప్పు." "నీ ఉద్యోగం?" "చూద్దాం," అంది కూతురు. ఫోను పెట్టేశాక కూడా ఆ ఝుమ్మనే మోత కాసేపు చెవిలో ఉండిపోయింది.

ఆరో తలుపు పక్క సందులో, రెండో అంతస్తు. కాళ్ళనొప్పుల చరిత్ర చెప్పే ఆవిడ. కండక్టరమ్మ మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. తట్టింది. లోపలి నుంచి "ఆఁ, ఆఁ, బాగానే ఉన్నాను వెళ్ళమ్మా, లేవలేకపోతున్నాను," అని వినిపించింది. మామూలు గొంతే. రోజూ వినే గొంతే. "పరవాలేదు, నిదానంగా రండి," అంది కండక్టరమ్మ. "నేను ఆగుతాను." లోపల మంచం కిర్రుమంది. చెప్పుల కోసం వెతుకులాట. అడుగు, మళ్ళీ అడుగు, మధ్యలో గోడ పట్టుకుని నిలబడ్డట్టు ఒక విరామం, మళ్ళీ అడుగు. గొళ్ళెం రెండుసార్లు జారింది. తలుపు తెరుచుకున్నాక ముసలావిడ కళ్ళు చికిలించి, "ఏమిటమ్మా, మొహం అలా ఉంది? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అంది. కండక్టరమ్మ ఆవిడని తలనుంచి పాదాల దాకా చూసింది, తీరిగ్గా, మొదటిసారి చూస్తున్నట్టు. ఎడమ చెంప మీద దిండు మడత పడిన చార. వాచిన చీలమండలు. "ఎవరూ ఏమీ అనలేదండీ," అంది. "పొద్దుటి నుంచి ఎన్ని గ్లాసులు తాగారు?"